పత్తిపై హక్కు 110 శాతం, వేసింది 11, చివరికి సున్నా

2025 ఆగస్టు 19న కేంద్రం పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది. అప్పటికి నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పత్తి ఇంకా పూత, కాయ మీదే ఉంది. సెప్టెంబర్ 30 వరకే అన్న మినహాయింపును పది రోజులు తిరగకముందే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంటే మన పత్తి ఏరి అమ్ముకునే నెలలు చాలావరకు అందులోనే పోయాయి.

ఇలాంటప్పుడు ‘ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) మన చేతులు కట్టేసింది’ అనడం మామూలైంది. పత్తి విషయంలో అది నిజం కాదు. ఏ సరుకుపై ఎంతకు మించి సుంకం వేయబోమో ప్రతి సభ్యదేశం అక్కడ రాసిస్తుంది. పత్తి వర్గంలో మనం రాసిచ్చిన పరిమితి సగటున 110 శాతం. వేసింది 11, అంటే పదో వంతు. దాన్నీ తీసేసింది జెనీవాలోని డబ్ల్యూటీవో కాదు, ఢిల్లీ.

చైనా సంగతి చూడండి. పదిహేనేళ్లు బేరమాడి 2001 డిసెంబర్‌లో సభ్యత్వం తెచ్చుకుంది. అందుకు మూల్యంగా అన్ని సరుకులపై సగటు పరిమితిని 10 శాతం దగ్గరికి దించుకుంది. మనది 50 శాతంపైనే. మన పగ్గం పొడవు, వాళ్లది పొట్టి. అయినా పత్తిలో ఆ పొట్టి పగ్గాన్నే పూర్తిగా వాడుకుంటున్నారు. ఏటా 8.94 లక్షల టన్నుల వరకు 1 శాతం సుంకం, ఆపైన 40 శాతం. మిల్లులకు ఇంకా కావాలంటే అదనపు కోటా ఎంతో, ఎప్పుడో సర్కారే తేలుస్తుంది. రైతును చూసుకునే దారి వేరే ఉంది. చైనాలో పత్తి ఎక్కువగా పండే షిన్‌జియాంగ్‌లో 2014 నుంచి లక్ష్య ధర అమలవుతోంది, మార్కెట్ ధర అంతకన్నా పడితే తేడా ప్రభుత్వం ఇస్తుంది.

మన దగ్గర తేడా కట్టిచ్చేవాళ్లు లేరు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలని ప్రకటించారు, బాగానే ఉంది. కానీ తేమ 12 శాతం దాటితే, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు. అక్టోబర్ వానలకు తడిసిన పత్తి 12 లోపు ఎక్కడ ఉంటుంది? అది ప్రైవేటు వ్యాపారి దగ్గరికే పోవాలి. ఆ మినహాయింపు నెలల్లో బయటి దూది సుంకం లేకుండా దొరుకుతుంటే అతను ధర ఎందుకు పెంచుతాడు?

స్పిన్నింగ్ మిల్లుల బాధ అబద్ధమని అనను. 2025 ఆగస్టులో అమెరికా మన వస్త్రాలపై 50 శాతం సుంకం వేసింది. (సగటున 3.4 శాతం మించనని రాసిచ్చిన దేశమది!) ఆ దెబ్బకు మందు బడ్జెట్ నుంచి రావాలి గానీ, నల్లగొండ జిల్లా చండూరు రైతు పంట ధరలోంచి కాదు.

పరిమితి పొడవుగా ఉండటం వృథా అనీ కాదు. ఒకప్పుడు బియ్యంపై మనం సున్నాకు కట్టుబడి ఉన్నాం. 1999-2000 ప్రాంతంలో మళ్లీ బేరమాడి, వేరే సరుకుల్లో రాయితీలిచ్చి, వడ్లకు 80, బియ్యానికి 70 శాతం సాధించుకున్నాం. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు ఆ సంగతి పట్టకపోవచ్చు, ఎగుమతి చేసే దేశానికి దాంతో రోజూ పని పడదు. పత్తికి మాత్రం పడుతుంది. ఆస్ట్రేలియా ఒప్పందంలో ఇప్పటికే ఏటా 51,000 టన్నుల పత్తికి సుంకం లేకుండా దారిచ్చాం. అమెరికా కూడా తన పత్తికి అలాంటి దారే కోరుకుంటుంది.

కనీసం ఒక పని చేయొచ్చు. అక్టోబర్ నుంచి మార్చి దాకా పత్తి సుంకం ఎంతో మే నెలలోనే, రైతు విత్తనం సంచి కొనకముందే ప్రకటించాలి. ఆ ఆరు నెలలు దాన్ని ముట్టుకోకూడదు. ఇందుకు డబ్ల్యూటీవో అనుమతి అక్కర్లేదు.