జనవరి కోరికలు, మే నెల బహుమతులు

మా మేనేజర్ గారు బెంగళూరులో ట్రైనింగ్‌కు పోయి వస్తూ ఒక పిరమిడ్ బొమ్మ తెచ్చి, ఆఫీసు గోడ మీద డ్రిప్ పైపుల ధరల పట్టిక పక్కన అంటించారు. మనిషి అవసరాలు ఒకదాని మీద ఒకటి వరుసగా ఉంటాయని మాస్లో అనే అమెరికా సైకాలజిస్టు 1943లో ఒక వ్యాసంలో చెప్పాడట. అట్టడుగున కూడూ నీళ్లూ, పైకి పోయేకొద్దీ భద్రత, మన అనుకునేవాళ్లు, గౌరవం, ఆపైన ఇంకేదో. ఆ వ్యాసంలో పిరమిడ్ బొమ్మ అసలు లేదు, తర్వాతివాళ్లు గీసిందే. ఆ మాట సార్‌కు చెప్పి ఇంక్రిమెంటు పోగొట్టుకునేదెవరు?

"ఎవరికేం కావాలో తెలిస్తే పని అదే పరుగెత్తుతుంది" అంటూ ఫారాలు పంచారు. అది జనవరి. అందరం మనసు విప్పి రాశాం. అవి హెడ్డాఫీసుకు పోయి, మంజూరై వచ్చేసరికి అనంతపురంలో మే నెల ఎండలు.

మేడ మీద షామియానా వేసి, కుటుంబాలతో సహా రమ్మన్నారు.

ముందు ఫీల్డ్ అబ్బాయి. "ఆఫీసులో ఊపిరాడదు, తిరిగే పని ఇవ్వండి" అని రాసినప్పుడు బ్రహ్మచారి. ఏప్రిల్‌లో పెళ్లయింది. "మడకశిర ఏరియా మొత్తం నీదే! వారానికోసారి ఇటు వస్తే చాలు!" అన్నారు సార్. చప్పట్ల మధ్య "వారానికోసారా?" అని ఒక ఆడగొంతు వినపడింది.

స్టోర్ భాయ్ లోడు దిగే రోజు ఉగ్గాని బజ్జీ పెట్టిస్తే చాలన్నాడు. ఆ మధ్యే డాక్టరు నూనె ముట్టొద్దన్నాడు. బజ్జీ కూపన్లు అందుకుని భాయ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. సార్ దాన్ని కృతజ్ఞత అనుకున్నారు.

క్యాషియర్ అక్క తన కష్టం పదిమందికీ తెలియాలని రాసింది. సార్ ఆమె ఓవర్‌టైమ్ గంటలు, దానికొచ్చిన డబ్బు, రూపాయి పొల్లుపోకుండా మైకులో చదివారు. మార్చి నుంచి అక్క ఆ డబ్బుతో ఇంట్లో తెలియకుండా చీటీ కడుతోంది. వాళ్లాయన ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఆయన మాత్రం చాలా శ్రద్ధగా విన్నాడు.

అంతలో కరెంటు పోయింది. అంతవరకూ ఫ్యాన్లు తిరుగుతున్నాయని ఎవరూ మెచ్చుకోలేదు, ఆగంగానే సభంతా గొణుగుడు. హెర్జ్‌బర్గ్ అనే ఇంకో సైకాలజిస్టు 1959లో జీతాల గురించి, పనిచేసే చోటు గురించి చెప్పింది ఇదే. సరిగ్గా ఉంటే ఉత్సాహమేమీ పుట్టదు, లేకపోతే మాత్రం ఊరుకోరు.

ఆ ఉక్కలోనే వాచ్‌మన్ మామను పిలిచారు. "రాత్రి చలికి వణికి చస్తాండా సార్, మందంగా ఒక రగ్గు ఇప్పియ్యండి" అని మామ ఎవరిచేతో రాయించిన ఫారాన్ని చదివి, సార్ స్వయంగా డబుల్ బెడ్ రగ్గును ఆయన భుజాల చుట్టూ కప్పారు. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ సర్దుకుంటున్నాడు. మామ తియ్యబోతే "ఉండు మామా, ఇంకొకటి" అన్నాడు. తర్వాత హెడ్డాఫీసు కోసం అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మామ మీసాల మీంచి చెమట కారుతుంటే సార్ ఆనందబాష్పాలనుకుని వీపు తట్టారు.

చివర్లో మళ్లీ ఫారాలు పంచారు.

"ఇవి మళ్లా ఎప్పుడొస్తాయి సార్?" అన్నాడు మామ, రగ్గులోంచి.

"జనవరికి వచ్చేస్తాయి."

"అట్లయితే టేబుల్ ఫ్యాను జనవరిలో రాయిస్తా సార్. ఇప్పటికి ఇంకొక రగ్గు రాసుకోండి, మా ఇంటామెకు."