ఏడవడానికి చోటులేని కుర్రాళ్లు

2010 ఆగస్టులో తూటా తగిలేనాటికి డేమియన్ టర్నర్‌కి పద్దెనిమిదేళ్లు. షికాగో దక్షిణ భాగంలోని వుడ్‌లాన్ పేటలో, ఇంకెవరికో గురిపెట్టిన తూటా అతనికి తగిలింది. నాలుగైదు వీధుల అవతలే షికాగో యూనివర్సిటీ ఆసుపత్రి ఉంది. అంబులెన్స్ అక్కడికి వెళ్లలేదు. తొమ్మిది మైళ్ల దూరంలో, నగరం నడిబొడ్డున ఉన్న మరో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ అతను చనిపోయాడు. ఎందుకంటే యూనివర్సిటీ ఆసుపత్రిలో ట్రామా కేంద్రం, అంటే తూటా దెబ్బల్లాంటి ప్రాణాపాయ గాయాలకు అత్యవసర చికిత్స చేసే విభాగం, అప్పటికి పిల్లలకు మాత్రమే ఉంది. పదహారేళ్లు నిండితే అక్కడ పిల్లల లెక్కలోకి రారు. పెద్దల ట్రామా కేంద్రాన్ని ఖర్చు భరించలేమంటూ 1988లోనే మూసేశారు.

కుర్రాడు ఎప్పుడు పెద్దవాడవుతాడు? షికాగో సౌత్ సైడ్, వెస్ట్ సైడ్ పేటల్లో దీనికి ఒక్కో సంస్థ ఒక్కో జవాబు చెబుతుంది. ఓటు వేయాలంటే పద్దెనిమిది నిండాలి, బీరు కొనాలంటే ఇరవై ఒకటి. కానీ ఇల్లినాయ్ చట్టం ప్రకారం 2013 చివరిదాకా పదిహేడేళ్ల పిల్లాడి మీద పెద్ద నేరం కేసు పడితే విచారణ పెద్దల కోర్టులోనే. అంటే ఒంట్లో తూటా దిగినప్పుడు పెద్దవాడే, బోనులో నిలబడ్డప్పుడూ పెద్దవాడే. ప్రాణస్నేహితుణ్ణి సమాధి చేసి వచ్చిన రాత్రి కూడా పెద్దవాడే, మగాడన్నాక ఏడవకూడదు కదా. వాడు ఏ పూటా పిల్లాడు కాడు.

అమెరికాలో ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల దాకా వయసున్న పిల్లల మరణాలకు 2020 నుంచి మొదటి కారణం తుపాకీయే. రోడ్డు ప్రమాదాలను కూడా దాటిపోయింది. ఈ లెక్క చెప్పగానే చర్చ రెండుగా చీలిపోతుంది. ఒకరు తుపాకీ చట్టాలంటారు, ఇంకొకరు తండ్రి లేని ఇళ్లు, పెంపకం అంటారు. తుపాకులు చేతికందడం అసలు సమస్య అన్న విషయంలో నాకు అనుమానం లేదు. షికాగో పోలీసులు పట్టుకున్న తుపాకుల్లో సగానికి పైగా ఇతర రాష్ట్రాల్లో కొన్నవేనని 2017లో నగర పాలక సంస్థే నివేదిక ఇచ్చింది. పట్టుకున్న మొత్తం తుపాకుల్లో ఐదో వంతు పక్కనే ఉన్న ఇండియానా నుంచి వచ్చాయి. కానీ తుపాకీ అందినంత మాత్రాన చేయి ట్రిగ్గర్ మీదికి పోదు. ఆ చేతిని అక్కడిదాకా తీసుకెళ్లేది చాలాసార్లు ఎవరూ పట్టించుకోని దుఃఖమే అని నేను నమ్ముతున్నాను. ఆ మాట ఈ రెండు పక్షాల నోటా వినిపించదు.

'ఓ బ్లాక్' (O Block) సంగతే చూడండి. సౌత్ సైడ్‌లోని పార్క్‌వే గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయానికి కుర్రాళ్లు పెట్టుకున్న పేరు అది. మిషెల్ ఒబామా పసిబిడ్డగా ఉన్నప్పుడు వాళ్ల కుటుంబం అక్కడే ఉండేది. 2011లో ఓడీ పెర్రీ అనే ఇరవయ్యేళ్ల యువకుణ్ణి ఎవరో కాల్చి చంపితే, అతని పేరులోని మొదటి అక్షరాన్ని స్నేహితులు ఆ చోటుకు పెట్టారు. షికాగోలో ఇలాంటి పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. వెనకటి పెద్ద ముఠాల నాయకులు జైళ్లకు పోయారు. ప్రభుత్వం కట్టించిన ఎత్తైన ఇళ్ల సముదాయాలను కూల్చేసి జనాన్ని చెల్లాచెదురు చేశారు. ఆ తరవాత మిగిలినవి రెండు మూడు వీధుల కుర్రాళ్ల చిన్నచిన్న గుంపులు. వాటిలో ఎన్నో చచ్చిపోయిన స్నేహితుడి పేరు మీద నడుస్తున్నవే. పోలీసు రికార్డుల్లో ముఠా పేరుగా నమోదయ్యేది వాళ్ల దృష్టిలో సంస్మరణ.

సంతాపం తెలపడానికి వాళ్లే పద్ధతులు కల్పించుకున్నారు. చనిపోయినవాడి ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ ముద్రించిన టీషర్టులు అంత్యక్రియల నాటికి సిద్ధమవుతాయి. పడిపోయిన చోట కొవ్వొత్తులు, మందుసీసాలు, బొమ్మ ఎలుగుబంట్లు పేరుస్తారు. ఏడాది తిరిగాక అదే వీధిలో బెలూన్లు ఎగరేస్తారు. అల్మరాలో అలాంటి టీషర్టులు మూడో నాలుగో ఉన్న పదహారేళ్ల కుర్రాళ్లు ఆ పేటల్లో అరుదేమీ కాదు. అవతలి గుంపువాళ్లు పాటలోనో ఫోన్ వీడియోలోనో తిట్టేది కూడా ఆ చనిపోయినవాడినే. బతికున్న వాణ్ణి తిడితే ఊరుకుంటారేమో, పోయినవాణ్ణి తిడితే ఊరుకోరు. ఎదురు కాల్పులు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

సామాజిక శాస్త్రవేత్త ఆండ్రూ పపాక్రిస్టోస్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ గొలుసును లెక్కగట్టింది. కలిసి అరెస్టయిన వాళ్ల మధ్య సంబంధాలను పటంగా గీసి, 2006 నుంచి 2014 దాకా షికాగోలో జరిగిన 11,123 కాల్పుల ఘటనలను దాని మీద పెట్టి చూశారు. అందులో 63 శాతం అంటువ్యాధిలా ఒకరి నుంచి ఇంకొకరికి పాకినవే. ఒకడికి తూటా తగిలాక అతని సావాసగాడికి తగలడానికి మధ్య సగటున 125 రోజుల గడువు. ఈ వరుసలో అన్నిటికంటే ఎక్కువగా నన్ను పట్టి ఉంచేది ఆ గడువే. 125 రోజులంటే నాలుగు నెలలు. ఒక కుర్రాడి దగ్గర కూర్చోవడానికి, వాణ్ణి ఊరు దాటించడానికి, పనిలో పెట్టడానికి, కనీసం నోరు విప్పి మాట్లాడనివ్వడానికి సరిపోయేంత సమయం. ఆ నాలుగు నెలల్లో వాడింటికి ఎవరొస్తారు? మొదటి రోజు పోలీసులు, టీవీ కెమెరా వస్తారు. ఆ తరవాత ఎవరూ రారు. ప్రాణం పోని కాల్పుల కేసుల్లో అరెస్టు దాకా వెళ్లేవి అక్కడ ఏళ్ల తరబడి పదింట ఒకటి కూడా లేవు. కాల్చినవాడు తెల్లారితే అదే వీధిలో ఎదురుపడతాడు. అందుకే 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఆ పేటల యువతను అడిగితే, మూడో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు తుపాకీ దగ్గర పెట్టుకున్నామన్నారు. ప్రాణరక్షణ కోసమే అని వాళ్లలో దాదాపు అందరూ చెప్పారు.

ఇంకో అధ్యయనం బడి వైపు నుంచి చూసింది. సామాజిక శాస్త్రవేత్త పాట్రిక్ షార్కీ 2010లో తేల్చింది ఇది: తమ వీధుల్లో హత్య జరిగిన వారంలోపు పరీక్షించిన నల్లజాతి పిల్లలకు పదజాలంలో, చదవడంలో మార్కులు గణనీయంగా పడిపోయాయి. ఆ పిల్లలు ఆ హత్యను కళ్లారా చూడనక్కర్లేదు, దగ్గర్లో జరిగితే చాలు. క్లాసులో తల వంచుకుని కూర్చున్న కుర్రాణ్ణి చూసి టీచరు "చదువు మీద ధ్యాస లేదు" అని రాస్తే, అది అబద్ధం కాదు. ధ్యాస ఎక్కడుందో అడిగినవాళ్లు లేరు, అంతే.

అడిగినచోట ఏం జరుగుతుందో కూడా షికాగోయే చూపించింది. యూత్ గైడెన్స్ అనే సంస్థ బడుల్లో 'బికమింగ్ ఎ మ్యాన్' పేరిట వారానికోసారి కుర్రాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. తొలి రోజుల్లో ఆడించే ఆట ఒకటుంది. ఇద్దరిద్దరిని జతకట్టి, ఒకడి పిడికిట్లో బంతి పెడతారు. ముప్ఫై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. వేళ్లు విరిచేసినంత పని చేస్తారు, కలబడతారు. సమయం అయ్యాక గురువు అడుగుతాడు: "బంతి ఇవ్వమని అడిగావా?" "అడిగితే ఇచ్చేవాడు కాదు" అంటాడొకడు. అవతలివాడేమో "అడిగితే ఇచ్చేసేవాణ్ణి" అంటాడు. షికాగో యూనివర్సిటీ క్రైమ్ ల్యాబ్ లాటరీ పద్ధతిలో పిల్లల్ని ఎంపిక చేసి పరీక్షిస్తే, ఈ కార్యక్రమం నడిచినంత కాలం వాళ్లలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం దాకా తగ్గాయి. కార్యక్రమం ఆగాక మాత్రం అరెస్టుల్లో ఆ తేడా నిలవలేదు. చాలామంది దీన్ని వైఫల్యంగా చదువుతారు. నాకు మాత్రం తోడు ఉన్నంతకాలమే కుర్రాడు నిలబడ్డాడని అర్థమవుతోంది. 2012 వేసవిలో ఎనిమిది వారాల ఉద్యోగాలిచ్చి చూసిన అధ్యయనంలోనూ, తరవాతి పదహారు నెలల్లో అలాంటి అరెస్టులు 43 శాతం తగ్గాయి.

దుఃఖానికి తుపాకీ కాని దారి దొరికితే ఎంత దూరం పోగలదో డేమియన్ స్నేహితులే చూపించారు. చనిపోకముందే అతను కొందరు నేస్తాలతో కలిసి ఒక యువజన సంఘం పెట్టాడు. వాళ్లు ఎవరు కాల్చారన్న దగ్గర ఆగలేదు, మావాణ్ణి తొమ్మిది మైళ్లు ఎందుకు మోశారని అడిగారు. ఏళ్ల తరబడి ఆసుపత్రి గుమ్మంలో బైఠాయించారు, అరెస్టయ్యారు, ఊరేగింపులు తీశారు. ముందు ఆసుపత్రి పిల్లల ట్రామా కేంద్రం వయోపరిమితిని పదిహేడేళ్ల దాకా పెంచింది. 2018 మే 1న పెద్దల ట్రామా కేంద్రం తెరుచుకుంది. అప్పటికి వాళ్లలో చాలామంది ఇరవైల్లోకి వచ్చేశారు. ఒక స్నేహితుడి చావును పట్టుకుని పెద్దవాళ్లయిన పిల్లలు వాళ్లు.

మన ఇళ్లకూ ఈ కథతో సంబంధం ఉంది. షికాగోకి చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు సీనియర్లు మొదట చెప్పే జాగ్రత్తల్లో "సౌత్ సైడ్ వైపు పోకు" అన్నది తప్పక ఉంటుంది. 2024 నవంబరులో షికాగో ప్రాంతంలోని ఒక గ్యాస్ స్టేషన్‌లో తెలంగాణ విద్యార్థి కాల్పుల్లో చనిపోయినప్పుడు ఊరంతా తల్లడిల్లింది. ఆ కడుపుకోత గురించి ఎంత రాసినా తక్కువే. కానీ మన వార్తల్లో అవతలివైపు "నల్లజాతి దుండగులు" తప్ప మరో మనిషి కనిపించడు. అదే నగరంలో అన్నను పోగొట్టుకుని భయంతో బడికి నడిచే కుర్రాడు కూడా ఆ తుపాకీ బాధితుడే, మన పిల్లాడి లాగే.

షికాగోలో 2021లో దాదాపు 800 హత్యలు జరిగాయి. 2024కి ఆ సంఖ్య 600 లోపుకు వచ్చింది. 2025లో ఇంకా తగ్గింది. తగ్గడానికి ఒక్క కారణం చెప్పలేం. అయితే గాయపడినవాడి మంచం పక్కకు వెళ్లి, పగ తీర్చుకోబోయే తమ్ముడితో మాట్లాడే పేట కార్యకర్తలు ఆ ఏళ్లలో పెరిగారన్నది నిజం. 2022 నాటి ఫెడరల్ చట్టం దేశమంతటా ఇలాంటి పని కోసం ఐదేళ్లకు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ, తమ ప్రాధాన్యాలకు సరిపోవడం లేదంటూ, ఇలాంటి సంస్థలకిచ్చిన ఎన్నో గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. 2021లో చనిపోయిన ఆ 800 మందికి తమ్ముళ్లు, మేనల్లుళ్లు ఉన్నారు. అప్పుడు పదీ పదకొండేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు పదిహేను, పదహారులోకి వస్తున్నారు. సరిగ్గా వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిన మనుషుల జీతాల మీదే ఈ దెబ్బ పడింది.