గుత్తి కోటకు మరమ్మతు నీటి దారి నుంచే మొదలుకావాలి

అనంతపురం జిల్లా గుత్తి కొండ చుట్టూ ఉన్న నేల నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తు లేస్తుంది. చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కన్నడ శాసనాలు ఇక్కడ ఉన్నాయి. బుక్కరాయల శాసనమైతే దీన్ని కోటలకే రాజు అంది. అంతటి కోట 1776లో హైదర్ అలీ చేతికి పోయిందంటే అది ఫిరంగుల గొప్ప కాదు. కింద పేట చేజారాక జనం, పశువులు పైకోటలో కిక్కిరిశాయి, నీళ్లు అడుగంటాయి. కోటను ఏలుతున్న మరాఠా సేనాని మురారిరావు లొంగిపోయి, మైసూరు రాజ్యంలోని కబ్బాళదుర్గం కోట చెరలో చనిపోయాడు.

పైన నిలవుండే నీళ్లలో ఎక్కువ భాగం బండ మీద జారిన వాన నీళ్లే. హెక్టారు బండ మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే లక్ష లీటర్లు. అందులో సగం నీళ్లు నిలవచేసే రాతి తొట్టికి చేరినా, తలకు రోజుకు 5 లీటర్ల చొప్పున వెయ్యి మందికి 10 రోజులు వస్తాయి. గుర్రం ఒక్కటే 30 లీటర్లు తాగుతుంది, అంటే ఆరుగురి వాటా. ముట్టడిలో కోట బలం ఈ లెక్క మీదే నిలబడేది.

ఇప్పుడు గోడల్ని కూల్చేదీ ఆ నీళ్లే. తొట్టికి నీళ్లు తెచ్చే కాలువ పూడితే వాన అటు పోకుండా గోడ వెనక మట్టిలో దిగుతుంది. మట్టి ఉబ్బి రాళ్లను ముందుకు నెడుతుంది. గోడ మధ్యలో కడుపులా ఉబ్బు వచ్చిందంటే పైన ఎంత పూసినా దండగే. ముందు కాలువ తెరవాలి, గోడ అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు చూడాలి.

సందుల్లో సిమెంటు కూరడం నా దృష్టిలో మరమ్మతే కాదు. అది తేమను లోపలే బిగించేస్తుంది, ఉప్పు పేరుకుని పక్కన ఉన్న పాత సున్నం పొడిగా రాలుతుంది. వాడాల్సింది బాగా నాని, గానుగలో నూరిన సున్నం, ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ల ఇసుక. పూశాక వారం పైనే తడి గోనెలు కప్పాలి, లేకపోతే రాయలసీమ ఎండకు పగుళ్లిస్తుంది. రావి, మర్రి మొక్కల్ని పీకితే వేరుతో పాటు రాళ్లూ ఊడొస్తాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చాకే సందు నింపాలి.

తొట్ల పూడికను జేసీబీతో ఎత్తిపోయకూడదు. పెంకులు, నాణేలు, ఇనుప ముక్కలు ఆ పొరల్లోనే దొరుకుతాయి. పొర తర్వాత పొర చేత్తో తీసి, జల్లించి, జూన్ వానలు మొదలయ్యేలోపు ముగించాలి.