కన్వర్ట్ అవుతోంది, కాస్త ఆగండి

డీవీడీని వీడియో ఫైలుగా మార్చడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. వీళ్లకి ఆ పని తొందరగా అయిపోవాలని ఉంది. అయిపోయాక ఏం జరుగుతుందో ఒక్కరైనా ఆలోచించారా?

పెళ్లి డీవీడీల సంగతే తీసుకోండి. 2005, 2006 ప్రాంతంలో పెళ్లి జరిగిన ఏ ఇంట్లో చూసినా బీరువాలో పట్టుచీరల కింద ఓ డిస్కుల సెట్టు ఉంటుంది. అందులో వధూవరులు గులాబీ రేకుల్లోంచి బయటికొస్తారు, ఎన్నడూ వెళ్లని స్విట్జర్లాండ్ కొండల ముందు గిరగిరా తిరుగుతారు, భోజనాల దగ్గర పప్పు కలుపుకుంటున్న ప్రతి మనిషి మొహం మీదా కెమెరా ఆగి, వాళ్లు సిగ్గుపడేదాకా కదలదు. ఇది ఫైలైపోయి ఫ్యామిలీ గ్రూపులో పడిందంటే చూడాలి. చూశాక బాగుందనాలి. ఆపైన "మా తమ్ముడు ఎక్కడా కనబడలేదేం?" అనే పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. అదే "కన్వర్ట్ అవుతోంది బాబాయ్" అంటే చాలు, ఆయనకి పని జరుగుతోందన్న తృప్తి, మనకి ప్రశాంతత. డాలస్‌లో ఉన్న వాళ్లబ్బాయి లాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవే లేదు కాబట్టి అటునుంచి కూడా టెన్షన్ లేదు.

కాబట్టి కన్వర్షన్ ఆలస్యమే మన బంధుత్వాలకి పట్టుగొమ్మ. టెక్నాలజీ మాత్రం మనకి సహకరించడం లేదు. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5. డ్రైవు 1ఎక్స్ వేగంతో, అంటే సెకనుకి సుమారు 1.4 ఎంబీ చొప్పున చదివితే నిండు డిస్కుకి దాదాపు గంట పట్టేది, పద్ధతిగా ఉండేది. ఎవరో ఉత్సాహవంతులు 16ఎక్స్ దాకా లాక్కొచ్చారు. మన అదృష్టం కొద్దీ ఆ వేగం డిస్కు బయటి అంచు దగ్గరే అందుతుంది, చదవడమేమో లోపలినుంచి మొదలవుతుంది. ఇక గీతలున్న డిస్కయితే డ్రైవు అదే చోట గరగరమంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, పది పదిహేను నిమిషాల పని గంటల్లోకి వెళ్తుంది. చిన్నప్పుడు డిస్కుల్ని నేల మీద బండిచక్రాల్లా దొర్లించిన పిల్లల దూరదృష్టిని మనం అప్పట్లో గుర్తించలేదు.

చదవడం అయ్యాక ఎన్‌కోడింగ్, అంటే ఆ వీడియోని కొత్త ఫార్మాట్‌లో కుదించి రాయడం. ఇక్కడ మన చేతిలో కొంత అధికారం ఉంది. ఈమధ్య కొన్న కంప్యూటర్లో హెచ్.264 అనే మామూలు ఫార్మాట్‌కి మారిస్తే రెండు గంటల వీడియో అరగంటలోపే అయిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, దానికన్నా ఎక్కువసేపు పట్టే హెచ్.265 పెట్టి, స్పీడు వెరీ స్లో చేయండి. హెచ్.264 తయారుచేసే ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్‌లో ప్లాసిబో అని ఇంకో సెట్టింగుంది, వెరీ స్లోకీ దానికీ బొమ్మలో తేడా కంటికి ఆనదు, టైము మాత్రం బోలెడు తింటుంది, మనకి కావాల్సిందీ అదేగా. అదీ చాలకపోతే 4కేకి పెంచండి. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీ బొమ్మ 720x576, 4కే అంటే 3840x2160, పిక్సెళ్లు సరిగ్గా 20 రెట్లు. ఉన్న ఒక్కో పిక్సెల్‌కి లేని 19 పుట్టించాలంటే ఏఐకైనా బోలెడు సమయం కావాలి. మధ్యలో అది అత్తయ్యకి రెండు పళ్లు ఎక్కువ పెడితే పెట్టనివ్వండి.

ఒక్క రహస్యం మాత్రం పొరపాటున కూడా ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్లో ఉన్న వీఓబీ ఫైళ్లు పుట్టుకతోనే డిజిటల్, ఎంపెగ్-2 అనే ఫార్మాట్‌లో ఉన్న వీడియో. వాటిని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నవున్నట్టు ఎంకేవీ అనే రకం ఫైల్లో సర్దేస్తే కాపీ అయ్యేంత టైమే, క్వాలిటీ కూడా రవ్వంత తగ్గదు. అసలు సర్దకపోయినా వీఎల్‌సీ ప్లేయర్ ఆ వీఓబీని అలాగే ఆడించేస్తుంది! ఇది బాబాయ్ చెవిన పడితే మన పని అయిపోయినట్టే.

అన్నట్టు, స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కుల్లో డేటా ఉండేది ఒక రంగు పొరలో, అది ఎండకీ వేడికీ పాడవుతుంది. ఇంకొన్నేళ్లు సాగదీస్తే కన్వర్ట్ చేయడానికేమీ మిగలదని కొందరు హెచ్చరిస్తున్నారు, కొన్ని కుటుంబాలు ఆ ఆశతోనే ఉన్నాయి.

ఇవన్నీ విఫలమై ఫైలు ఖర్మకాలి రెడీ అయిపోయినా కంగారుపడొద్దు. వీహెచ్ఎస్ క్యాసెట్ల ప్రస్తావన తెండి. అది కంప్యూటర్లోకి ఎక్కాలంటే ప్లేయర్లో మొత్తం ఆడాల్సిందే, మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, ఎంత ఖరీదైన ప్రాసెసర్ తెచ్చినా దాన్ని తొందరపెట్టలేదు. అటక మీద వెతకండి, బాబాయ్ ఒడుగుది దొరకొచ్చు.