మహారాజశ్రీ మనీ లిస్టు గారికి

అమెరికాలో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీల వరస పీజీఏ టూర్‌లో ఎవరు జీవితం మొత్తం మీద ఎంత గెలుచుకున్నారో రాసిపెట్టే మహారాజశ్రీ పీజీఏ టూర్ కెరీర్ మనీ లిస్టు గారికి నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, ఏటికేడు ఒళ్లు చేస్తూనే ఉన్నారు.

గోల్ఫ్‌లో ఎవరెంత గొప్పవాడో తేల్చాలంటే తమరిని మించిన కరణం లేడని చాలామంది నమ్మకం. టీవీలో పాతకాలపు ఆటగాడి పేరు రాగానే ముందు తమరి చిట్టా విప్పుతారు. అందులో శామ్ స్నీడ్ పద్దు చూడండి: 82 టైటిళ్లు, మొత్తం సంపాదన 6,20,126 డాలర్లు. భాగించి చూస్తే టైటిల్‌కి ఏడున్నర వేల డాలర్లు. ఇవాళ 2 కోట్ల డాలర్లు పంచే, సిగ్నేచర్ ఈవెంట్ అనే పెద్ద పోటీలో ఏడో ఎనిమిదో స్థానంలో వచ్చి, ఎవరూ ఫొటో అడక్కుండానే కారెక్కి వెళ్లిపోయే కుర్రాడికి నాలుగు రోజుల్లో దాదాపు స్నీడ్ మొత్తం సంపాదనంత ముడుతుంది.

టైగర్ వుడ్స్‌వీ 82 టైటిళ్లే. ఆయన పేరు పక్కన తమరు వేసింది 12 కోట్ల పైమాటే. ఇద్దరివీ 82 బస్తాల వడ్లే కదండీ, తేడా అల్లా అమ్మిన ఏడాది ధరలోనే. ఆ ఏడాది కాలమ్ ఒక్కటే తమరి చిట్టాలో కనపడదు.

1950లో స్నీడ్ ఒక్క సీజన్లో 11 టోర్నమెంట్లు గెలిచి, 35,758 డాలర్లతో ఆ ఏడాది సంపాదనలో మొదటివాడయ్యాడు. 2004లో ఫిజీ నుంచి వచ్చిన విజయ్ సింగ్ తొమ్మిది గెలిచాడు, 1,09,05,166 డాలర్లు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది, సీజన్లో కోటి డాలర్లు దాటిన మొదటి మనిషీ ఆయనే. 2024లో స్కాటీ షెఫ్లర్ ఏడు గెలిచాడు, 2,92,28,357 డాలర్లు. పదకొండు, తొమ్మిది, ఏడు. గెలుపులు తగ్గేకొద్దీ సొమ్ము పెరుగుతోంది. ఈ లెక్కన ఏమీ గెలవనివాడు కుబేరుడు కావాలి కదా అని వెటకారం చేద్దామనుకున్నాం గానీ, తమరు ముందే చేసి చూపించారు. టామీ ఫ్లీట్‌వుడ్ 2025 ఆగస్టులో మొదటి పీజీఏ టూర్ టైటిల్ అందుకునే నాటికే, ఒక్క గెలుపూ లేకుండా, 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా కూడబెట్టాడు. తమరి చెల్లెలు, ఆడవాళ్ల ఎల్‌పీజీఏ టూర్ జాబితాలో 88 టైటిళ్ల క్యాథీ విట్‌వర్త్ మొత్తం సంపాదన 17 లక్షల చిల్లర. ఫ్లీట్‌వుడ్ మంచి ఆటగాడే, తప్పు ఆయనది కాదు.

జాక్ నిక్లాస్ సంగతికొద్దాం. మేజర్లని పిలిచే నాలుగు పెద్ద పోటీల్లో ఒకటైన మాస్టర్స్‌లో ఆయన ఆరుసార్లు గెలిచాడు. 1963, 1965, 1966ల్లో తలా 20 వేలు, 1972లో 25 వేలు, 1975లో 40 వేలు, 46 ఏళ్ల వయసులో 1986లో 1,44,000. ఆరూ కలిపితే 2,69,000 డాలర్లు. 2025లో రోరీ మెకిల్‌రాయ్ అదే మైదానంలో ఆ ఒక్క గెలుపుకే 42 లక్షలు తీసుకున్నాడు. గెలిచినవాడికి తొడిగే కోటు మాత్రం అదే పచ్చకోటు.

ఈ సొమ్ము ఎక్కడిదో తమరికి తెలియనిది కాదు. టీవీ హక్కులవాడూ స్పాన్సరూ ఇచ్చినదాన్ని బట్టి టోర్నమెంటుకి పర్సు, అంటే మొత్తం బహుమతి సొమ్ము, కడతారు. ఆ పర్సును పంచే పద్ధతి మాత్రం మహా ముచ్చటైనది. మామూలు పోటీలో గెలిచినవాడికి 18 శాతం, రెండో స్థానానికి 10.9, మూడుకి 6.9, నాలుగుకి 4.9. కిందికి పోయేకొద్దీ చుక్కలు. సమానంగా వస్తే ఆ స్థానాల సొమ్ము కలిపి తలా ఇంత పంచుతారు.

కోటి డాలర్ల పర్సు అనుకుందాం. ఆఖరి హోల్, నాలుగడుగుల దూరం నుంచి బంతిని గుంటలోకి తోసే పట్. పడితే ఒంటరిగా రెండో స్థానం, 10,90,000. పడకపోతే ఒక స్ట్రోక్ (దెబ్బ) వెనక మూడో స్థానం పంచుకుంటున్న ఇద్దరితో సమానం. అప్పుడు 10.9, 6.9, 4.9 కలిపి మూడు వాటాలు వేస్తే తలా 7,56,667. అంచు తాకి బయటికి తిరిగిన ఆ బంతి ఖరీదు 3,33,333 డాలర్లు. అది గాల్లో కలవదు. ఈపాటికి స్కోర్‌కార్డులు సంతకం చేసి బూట్లు విప్పుకుంటున్న ఆ ఇద్దరి ఖాతాల్లోకి సగం సగం చేరుతుంది. నిక్లాస్ ప్రొఫెషనల్‌గా అందుకున్న మొదటి చెక్కు, 1962 లాస్ ఏంజెలెస్ ఓపెన్‌లో, 33 డాలర్ల 33 సెంట్లు. అదీ వంద డాలర్లు ముగ్గురికి పంచగా వచ్చిందే. పంపకం మారలేదు, సున్నాలు మారాయి.

తమరికి కనపడని మనుషులూ ఉన్నారు. రెండు రౌండ్లయ్యాక మొదటి 65 మందీ, 65వ వాడితో సమానంగా ఉన్నవాళ్లూ మిగులుతారు. కట్ అనే ఆ గీత ఒక్క స్ట్రోక్‌తో తప్పినవాడికి మామూలు పోటీలో సున్నా. విమానం, హోటలు, బ్యాగు మోసే క్యాడీ వారం జీతం అతని జేబులోంచే. కట్ దాటినవాడి లెక్కయినా తమరు ఖర్చులు తీయకముందుదే వేస్తారు. క్యాడీకి ఆనవాయితీగా గెలిస్తే పది శాతం, మొదటి పదిలో వస్తే ఏడు, లేదంటే అయిదు. ఆ పైన పన్నులవాడు. "ఫలానావాడు కోటి సంపాదించాడు" అని తమరు చాటిస్తుంటే, పంట ఇంటికి రాకముందే దిగుబడి చెప్పుకున్నట్టుంటుంది.

గెలిచినా పద్దు పడనివాడు ఇంకొకడు. 2024 జనవరిలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పోటీలో నిక్ డన్‌లప్ గెలిచాడు. అప్పటికి కాలేజీ కుర్రాడు, అమెచ్యూర్, అంటే ఆ సొమ్ము పుచ్చుకోకూడనివాడు. 15,12,000 డాలర్లు రెండో స్థానంలో ఉన్న క్రిస్టియాన్ బెజుడెన్‌హౌట్ పద్దులో వేశారు. ట్రోఫీ ఒకరికి, చెక్కు ఒకరికి.

ఇక మనవాడు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి 15,12,000 డాలర్లు తెచ్చుకున్నాడు, అది తమరు బుద్ధిగా రాశారు. 2024లో సీజన్ ఆఖరి పోటీ టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో బంతి బంకర్లో, అంటే ఇసుక గుంటలో, పడింది. క్లబ్ వెనక్కి తీస్తుంటే ఇసుక తగిలిందనిపించింది. తనే అధికారిని పిలిచి చెప్పి రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం, బోనస్ 75 లక్షలు. రెండో స్థానంలో ఉన్న కాలిన్ మోరికావాకి తేడా సరిగ్గా ఆ రెండు స్ట్రోక్‌లే. రెండో స్థానం 1 కోటి 25 లక్షలు. సమానమైతే చెరో కోటి. ఇసుక తగిలిందని ఒప్పుకున్నందుకు పాతిక లక్షల డాలర్లు. పైగా అప్పట్లో ఆ సొమ్ము సీజన్ మొత్తానికి ఇచ్చే ఫెడెక్స్ కప్ బోనస్ కింద పోయేది, "అఫీషియల్" కాదు కనక అతనికొచ్చిన 75 లక్షలూ తమరి కంటికి ఆనలేదు, పోయిన పాతికా ఆనలేదు. అదే ఏడాది షెఫ్లర్‌కి వచ్చిన రెండున్నర కోట్ల బోనస్‌నే తమరు పట్టించుకోలేదు, మనవాడిదెంత.

ఇదంతా ఉత్త ముచ్చట కోసమైతే పోనీలే అనుకునేవాళ్లం. తమరి మాట మీద ఉద్యోగాలూ నడుస్తున్నాయి. కెరీర్ సంపాదనలో మొదటి 50 మందిలో ఉన్నవాడు ఒకసారి, మొదటి 25లో ఉంటే ఇంకోసారి, ఒక సీజన్ పాటు టూర్ కార్డు, అంటే టూర్ పోటీల్లో ఆడే హక్కు, వాడుకోవచ్చు. పద్దెనిమిది మేజర్లు, 73 టైటిళ్ల నిక్లాస్ పద్దు 57,34,031 డాలర్లు. ఆ వరసలో నిలబడడానికి ఆయనకు చోటుండదు.

యాభై దాటినవాళ్లకు ఛాంపియన్స్ టూర్ అని వేరే ఆవర్జా పెట్టారు, అది కాస్త నయం. జర్మనీ నుంచి వచ్చిన బెర్న్‌హార్డ్ లాంగర్ 67 ఏళ్లకు అక్కడ 47వ టైటిల్ గెలిచాడు. మాస్టర్స్ రెండుసార్లు గెలిచిన మనిషి కుర్రతనంలో కన్నా ముసలితనంలోనే ఎక్కువ వెనకేశాడు. మన ఊళ్లో రిటైరయ్యాక ట్యూషన్లతో ఇల్లు కట్టిన లెక్కల మాస్టార్లు గుర్తొస్తారు.

ఇట్లు,
తమరి చిట్టా రోజూ తిరగేసే స్కోరు పిచ్చివాళ్లు

తా.క.: 1946లో స్నీడ్ సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. బహుమతి 150 పౌండ్లు, అప్పటి లెక్కన 600 డాలర్లు. రానుపోను ఖర్చు అంతకు మూడింతలు. వీలు చూసుకుని ఆ పద్దు ఎర్రసిరాతో వేయించగలరు.