దేవరగట్టు కర్రకు సమ్మతి చాలునా?

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో మాళమల్లేశ్వరుల ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడే బన్ని ఉత్సవం గురించి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక ప్లీడరు వాదించుకుంటున్నారు.

మాస్టారు: ప్లీడరు గారూ, తల పగిలినవాడు గాయానికి బండారు (పసుపు) అద్దుకుని ఇంటికి పోతున్నాడు. తెలిసే దిగాడు, ఎవరి మీదా ఫిర్యాదు లేదంటున్నాడు. మరి కొట్టినవాడి మీద ఈ కేసు ఎవరి కోసం?

ప్లీడరు: తెలిసే దిగాడన్న మాటకు చట్టంలో చోటు లేకపోలేదు మాస్టారూ. 1860 నాటి శిక్షాస్మృతిలో 87వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 25వది, 18 ఏళ్లు దాటినవాడు ఒప్పుకొని పొందిన హాని నేరం కాదనే చెబుతుంది. సరదాగా కత్తిసాము చేసే ఇద్దరిని ఉదాహరణగా చూపుతుంది కూడా. అయితే కొట్టినవాడు చావును గానీ తీవ్ర గాయాన్ని గానీ తలపెట్టకుండా, అవి కలగవచ్చని ఎరగకుండా ఉంటేనే ఆ రక్షణ. ఎముక విరిగినా, పన్ను విరిగినా తీవ్ర గాయమే. ఇనుప రింగులు తొడిగిన కర్రను దివిటీల వెలుగులో ఎదుటివాడి తల మీదికి ఎత్తినవాడు ఏమవుతుందో తెలియదంటే ఏ కోర్టు నమ్ముతుంది?

మాస్టారు: బాక్సింగులో గురి ముఖానికే కదా, అక్కడ పతకం, ఇక్కడ కేసా? పైగా గట్టు దగ్గర వైద్య శిబిరం పెట్టేదీ, అంబులెన్సులు నిలిపేదీ ప్రభుత్వమే. పగిలే తలలకు ముందే మంచాలు వేసి, పగిలాక నేరమనడం ఏం న్యాయం?

ప్లీడరు: శిబిరం మాటకు నా దగ్గర జవాబు లేదు. బాక్సింగులో మాత్రం గ్లవ్ ఉంది, రిఫరీ ఉన్నాడు. చట్టం చెప్పిన కత్తిసాములోనూ దొంగదెబ్బ ఉండకూడదు. ఇక్కడ ఆగమనేవాడెవరు? ఇక తాగినవాడి సంగతి. మత్తులో, తానేం ఒప్పుకుంటున్నాడో తెలియనివాడి సమ్మతి న్యాయ సంహిత 28వ సెక్షన్ కింద సమ్మతే కాదు.

మాస్టారు: ఆ మాట వెనక్కి తీసుకోండి. మావాళ్లు దీక్ష పడతారు. చెప్పులు తొడగరు, మద్యం ముట్టరు.

ప్లీడరు: మీ ఊరి దీక్షను నేను శంకించడం లేదు. కర్ణాటక నుంచి కూడా వచ్చే ఆ వేలమందికీ దీక్ష ఉందా?

మాస్టారు: లేదు. సరే, నెత్తి పగిలినవాడు రాజీపడతానంటే?

ప్లీడరు: చిన్న దెబ్బయితే అతని ఇష్టం. ఎముక విరిగితే కోర్టు అనుమతి కావాలి. ప్రమాదకర ఆయుధంతో కొట్టాడని తేలితే ఆ రాజీ కూడా కుదరదు.

మాస్టారు: అంటే కొట్టకముందు చెల్లని సమ్మతి కొట్టాక చెల్లుతుందన్నమాట.

ప్లీడరు: కొన్నిసార్లు చెల్లుతుంది. అప్పటికి ఎవరి చేతిలోనూ కర్ర ఉండదు కదా మాస్టారూ.