తాలూకా వకీలు, మా వాట్సాప్ గుంపు

మా పదో తరగతి గుంపులో ఈ మెసేజీ రావడం ఈ వారం నాలుగోసారి. "వందేళ్ల కిందటి తాలూకా వకీలు" అని మొదలై "పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. ఆయన తలపాగా చుట్టుకుని జట్కాలో కోర్టుకెళ్లేవాడట. ఫీజు అడిగేవాడు కాదట. అబద్ధపు కేసు ముట్టేవాడు కాదట. మొగుడి మీద దావా వేస్తానని వచ్చిన ఆడకూతురికి నచ్చజెప్పి కాపురానికి పంపేవాడట, అందుకే అప్పట్లో విడాకుల్లేవట. గాంధీగారు పిలవగానే వకీళ్లంతా ప్రాక్టీసు వదిలేశారట. మూడుసార్లు ఊరుకున్నాను.

తలపాగా చుట్టుకుని జట్కాలో కోర్టుకెళ్లేవాడన్నది నిజమే. దానికి గుంపులో దణ్ణాల బొమ్మలెందుకో తెలీదు.

ఫీజు సంగతి. ఫీజు ఎగ్గొట్టిన కక్షిదారు మీద వకీలు దావా వేసుకోవచ్చని 1926లో ఏకంగా చట్టం చేశారు. అడగనివాడికి ఆ చట్టంతో పనేమిటి?

అబద్ధాల సంగతి. కక్షిదార్లను వలేసి పట్టి వకీళ్లకు అప్పజెప్పి కమిషను తినే బ్రోకర్లు ఎంతగా పెరిగారంటే, వాళ్ల పేర్లతో జాబితా రాసి కోర్టులోనే వేలాడదీయాలని 1896లో వకీళ్ల చట్టాన్ని సవరించాల్సొచ్చింది. ఆ మరుసటి ఏడే 'కన్యాశుల్కం' అచ్చయింది. అందులో దావాలు పురమాయించే రామప్పంతులు ఏ కాలంవాడనుకుంటున్నారు?

ఇవన్నీ పోనిద్దాం. నాకు మండింది ఆడకూతురి ముక్క దగ్గర.

అప్పట్లో విడాకుల్లేవు. అవును, సెల్‌ఫోన్ దొంగతనాలూ లేవు. శాస్త్రోక్తంగా పెళ్లయిన హిందువుకి విడాకులిచ్చే చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చింది 1949లో, దేశమంతటికీ 1955లో. లేని చట్టం కింద కేసెవరు వేస్తారు? కొన్ని కులాల్లో పెద్దల ముందు తెగతెంపులూ మారుమనువులూ మామూలే, కాకపోతే వాటికి కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. మెసేజీ రాసినాయన దృష్టిలో వాళ్లు "అప్పట్లో" లెక్కలోకి రారేమో.

ఇక మొగుడు వదిలేసిన మనిషికీ, మొగుడు పోయిన మనిషికీ ఉన్న దిక్కల్లా మనోవర్తి (భరణం) దావా. ఉమ్మడి కుటుంబంలో కొడుకుల్లేకుండా మొగుడు పోతే అతని వాటా మరుదులదీ బావలదీ. ఆమెకి తిండీ బట్టా. ఉమ్మడి ఆస్తిలో వితంతువుకి మొగుడి వాటా అన్నమాట 1937 దాకా లేదు, అదైనా ఆమె బతికున్నన్నాళ్లకే. ఆ తిండీ బట్టా కూడా పెట్టకపోతే వకీలు గుమ్మమే ఎక్కాలి. అలా వచ్చిన మనిషిని "సర్దుకుపోమ్మా" అని వెనక్కి పంపినవాడు మహానుభావుడా? నా లెక్కలో పని ఎగ్గొట్టినవాడు.

రెండో వైపు కూడా చెప్పాలి. కాపురానికి రానన్న పెళ్లాం మీద మొగుడు దాంపత్య హక్కుల దావా వేసి డిక్రీ తెచ్చుకోవచ్చు. డిక్రీకి లొంగకపోతే ఆమెను సివిల్ జైల్లో పెట్టించే వీలు 1923 దాకా చట్టంలో ఉంది. మొగుడి దగ్గరకు వెళ్లు, లేదంటే ఆరు నెలలు జైలుకెళ్లు అని 1887లో బొంబాయి హైకోర్టు, చిన్నప్పుడే పెళ్లయి కాపురానికి రానన్న రుఖ్మాబాయికి చెప్పింది. ఆవిడ జైలుకే వెళ్తానంది, తర్వాత లండన్‌లో చదివి డాక్టరైంది. ఇలాంటి దావాలు తయారుచేసింది ఎవరు, వకీళ్లు కారూ? నచ్చజెప్పడమంటే ఇదే కాబోలు. గుంపులో ఆడపిల్లల తండ్రులు ముగ్గురు ఈ మెసేజీకి దణ్ణాల బొమ్మలు పెట్టారు. పేర్లు చెప్పను, చదువుకుంటే వాళ్లకే తెలుస్తుంది.

ఆఖరిది, వకీళ్లంతా ప్రాక్టీసు వదిలేయడం. దీనిమీద వెక్కిరింత రాద్దామనే కూర్చున్నాను గానీ చేతకాలేదు. "అంతా" అన్నది అబద్ధమే. కానీ వదిలేసినవాళ్లు ఉత్తినే వదల్లేదు. ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. హైకోర్టులో నిలబడే అర్హత లేక, ఇంగ్లండు వెళ్లి బారిష్టరై 1907లో తిరిగొచ్చి, మద్రాసులో బాగా గడించి, 1921లో అదంతా వదిలి స్వరాజ్య పత్రిక పెట్టారు. ముఖ్యమంత్రిగిరీ చేశాక కూడా 1957లో పోయేనాటికి ఆస్తంటూ మిగల్లేదు. గుంటూరులో కొండా వెంకటప్పయ్యగారూ ప్రాక్టీసు మానేసినవారే. అంతమాత్రం ఒప్పుకుంటాను.

మా ముత్తాతా ఆ రోజుల్లో తాలూకా వకీలే. 1921లో ఆయన మానలేదు. ఆ ఫీజుల డబ్బుతో కట్టిన ఇంటి వరండాలో కూర్చునే ఇది రాస్తున్నాను.